పదిహేనేళ్ల కుర్రాణ్ణి యూరప్ ప్రొఫెషనల్ హాకీకి పంపొచ్చా? మాథ్యూస్ వెళ్లిన దారి ఎవరికి పనికొస్తుంది

మిసిసాగాలో ఉండే ఒక తెలుగు తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మావాడికి పదిహేనేళ్లు. ట్రిపుల్ ఏ, అంటే పిల్లల హాకీలో పై స్థాయి ఐస్ హాకీ ఆడతాడు, సెంటర్ (ముందు వరసలో మధ్య ఆటగాడు). ఈ మధ్య ఒక ఏజెంట్ పరిచయమయ్యాడు. ఇక్కడ జూనియర్ లీగుల్లో బస్సులెక్కి తిరగడం కంటే యూరప్‌లో ప్రొఫెషనల్ క్లబ్బులో చేర్పిద్దాం, ఆస్టన్ మాథ్యూస్ అలా వెళ్లే కదా, అమెరికా, కెనడాల పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ అయ్యాడు అంటున్నాడు. మా ఆవిడకి అస్సలు ఇష్టం లేదు, వాడేమో ఎగిరి గంతేస్తున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి."

నేను టొరంటో చుట్టుపక్కల మైనర్ హాకీలో చాలాకాలంగా పిల్లలకు స్కేటింగ్, స్కిల్స్ నేర్పుతున్నాను. యూరప్ వెళ్లి నిలదొక్కుకున్న కుర్రాళ్లనీ, ఏడాది తిరక్కుండా వెనక్కొచ్చినవాళ్లనీ దగ్గర్నుంచి చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా మాట చెప్పేస్తాను. పదిహేనేళ్లకి వద్దు. పదిహేడు, పద్దెనిమిది వచ్చాక, ఒళ్లు గట్టిపడ్డాక, ఒక కోచ్ "ఇతన్ని నేను ఫలానా చోట ఆడిస్తాను" అని స్పష్టంగా చెప్పినప్పుడు మాత్రం విదేశంలో ప్రొఫెషనల్ లీగు చాలా మంచి దారి. లీగు పేరు, నగరం పేరు, జెర్సీ మీద లోగో చూసి నిర్ణయం తీసుకోకండి. వారానికి ఎన్ని నిమిషాలు ఐస్ మీద ఉంటాడు, ఎవరికి ఎదురుగా ఉంటాడు అన్నదే చూడండి. మిగతాదంతా దాని తర్వాతే.

మీ ఏజెంట్ మాథ్యూస్ పేరు చెప్పాడు కాబట్టి ఆ కథ మొత్తం తెలుసుకోండి. అందులో సగం మాత్రమే చెబితే అది అందరికీ పనికొచ్చే దారిలా కనిపిస్తుంది.

మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబర్ 17న. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లోకి రావాలంటే ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండి ఉండాలి. రెండే రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది. అప్పటికే అతను మిషిగన్‌లో అమెరికా జాతీయ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌లో 2014-15 సీజన్లో 55 గోల్స్, గోల్సూ అసిస్టులూ కలిపి వందకు పైగా పాయింట్లు సాధించి, ఆ ప్రోగ్రామ్‌లో ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ ప్యాట్రిక్ కేన్ పేరు మీదున్న ఒక సీజను పాయింట్ల రికార్డు దాటేశాడు. అంటే తన వయసువాళ్లతో ఆడి నేర్చుకోవలసింది దాదాపు ఏమీ మిగల్లేదు. చేతిలో ఒక ఏడాది ఖాళీగా ఉంది. జూనియర్ లీగయిన వెస్టర్న్ హాకీ లీగులో అతని హక్కులు ఎవరెట్ సిల్వర్‌టిప్స్ దగ్గర ఉన్నాయి, అక్కడికి వెళ్లొచ్చు. అమెరికా కాలేజీ హాకీకీ వెళ్లొచ్చు. అతను ఆ రెండూ వదిలేసి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ క్లబ్బు జెడ్‌ఎస్‌సీ లయన్స్‌లో చేరాడు.

అక్కడ కోచ్ మార్క్ క్రాఫర్డ్. 1996లో కొలరాడో అవలాంచ్‌కి ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిపించిన మనిషి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక సెంటర్ ఏం చేయాలో తెలిసిన కోచ్ చేతికి కుర్రాడు చిక్కాడు. అప్పట్లో స్విస్ లీగులో ఒక మ్యాచుకి నలుగురు విదేశీ ఆటగాళ్లనే దించనిచ్చేవారు. ఆ నాలుగింట ఒకటి పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇవ్వడమంటే మామూలు మాట కాదు. ఆ చోటు కోసం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడి వచ్చిన ముప్పై ఏళ్లవాళ్లు క్యూలో ఉంటారు. విదేశీ చోటు ఇచ్చాక క్లబ్బు అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టుకోలేదు. ఆడించి తీరాలి. మాథ్యూస్ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే.

పద్దెనిమిది నిండేదాకా వర్క్ పర్మిట్ రాదు కాబట్టి సీజను మొదట్లో మ్యాచులకు దూరంగా ఉన్నాడు. పుట్టినరోజు మర్నాడు, సెప్టెంబర్ 18న, ఫ్రిబూర్ మీద తొలి మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. మొత్తం 36 మ్యాచుల్లో 24 గోల్స్, 22 అసిస్టులు. లీగు ఉత్తమ ఆటగాడి ఓటింగులో రెండో స్థానం. జట్టు స్విస్ కప్ గెలిచింది. రెగ్యులర్ సీజన్లో మొదటి స్థానంలో నిలిచి కూడా, ప్లేఆఫ్స్‌లో ఎనిమిదో స్థానంతో వచ్చిన ఎస్‌సీ బెర్న్ చేతిలో వరసగా నాలుగు మ్యాచులు ఓడిపోయింది. ఆ బెర్నే చివరికి ఛాంపియన్ అయింది. పద్దెనిమిదేళ్లకే అలాంటి ఓటమి పెద్దవాళ్ల మధ్య నిలబడి చూడటం కూడా శిక్షణలో భాగమేనని నేను నమ్ముతాను. ఆ జట్టులో చాలామందికి అది ఉద్యోగం. ఓడిపోయాక డ్రెస్సింగ్ రూమ్‌లో వాళ్ల ముఖాలు జూనియర్ జట్టు ముఖాల్లా ఉండవు.

2016 డ్రాఫ్ట్‌లో టొరంటో మేపుల్ లీఫ్స్ అతన్ని నంబర్ వన్‌గా తీసుకుంది. అక్టోబర్ 12న ఒట్టావాలో తొలి మ్యాచులోనే నాలుగు గోల్స్. ఆధునిక కాలంలో తొలి మ్యాచులో ఎవరూ అలా కొట్టలేదు. ఆ రాత్రి ఎదుటి జట్టు బెంచీ మీద కోచింగ్ బృందంలో ఉన్నది ఎవరో తెలుసా? జ్యూరిక్ నుంచి ఒట్టావాకి మారిన అదే క్రాఫర్డ్. మొదటి సీజన్లో 40 గోల్స్, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ. 1966 తర్వాత ఒక లీఫ్స్ ఆటగాడికి అది రావడం అదే మొదలు.

ఇప్పుడు దాని పక్కన మీవాడి పరిస్థితి పెట్టి చూడండి. మాథ్యూస్ అక్కడ ఆడటం మొదలుపెట్టేటప్పటికి 18. ఆరడుగులు దాటిన మనిషి, ఒళ్లు అప్పటికే పెద్దవాళ్ల ఒళ్లు. తన వయసు ఆటలో నేర్చుకోవలసింది అయిపోయింది. కుటుంబంలో తల్లీ, అక్కా జ్యూరిక్ వచ్చి అతనితో ఉన్నారు, తండ్రి అరిజోనాలో ఉండి ఉద్యోగం చేసుకున్నారు. పేరున్న కోచ్ అడిగి మరీ పిలిచాడు. ఇన్ని కలిసొచ్చాయి. పదిహేనేళ్లకి ఇందులో ఏదీ మీ చేతిలో ఉండదు.

ఇంకో మాట, మీ ఏజెంట్ చెప్పి ఉండడు. పదిహేనేళ్ల కుర్రాణ్ణి యూరప్‌లో దాదాపు ఏ క్లబ్బూ పెద్దల జట్టులో ఆడించదు. "ప్రొఫెషనల్ క్లబ్బులో చేరాడు" అన్నా, నిజానికి ఆ క్లబ్బు వాళ్ల అండర్-18 జట్టులోనో, అండర్-20 జట్టులోనో ఆడతాడు. అది తప్పేం కాదు. కానీ అంటారియోలో దొరికే అదే వయసు హాకీతో దాన్ని పోల్చి చూడాలి. పెద్దల లీగుతో పోల్చి మురిసిపోతే మోసపోయినట్టే.

అసలు పెద్దల మధ్య ఆడితే ఏం వస్తుంది? చాలామంది తల్లిదండ్రులు "ఎక్స్‌పోజర్" అంటారు. స్కౌట్లు ఈ రోజుల్లో ఎక్కడ ఆడినా వీడియో చూస్తారు, దాని కోసం సముద్రాలు దాటక్కర్లేదు. వచ్చేది వేరే ఉంది. రింకు మూలలో పక్ (ఆడే బిళ్ల) పడిందనుకోండి. ట్రిపుల్ ఏలో మీవాడు వేగంగా వెళ్లి, భుజంతో ఒకణ్ణి నెట్టేసి పక్ తెచ్చుకుంటాడు. వాడి వేగం, బలం చాలు. అదే మూలలో ముప్పై రెండేళ్ల డిఫెన్స్‌మన్ ఉంటే వ్యవహారం మారిపోతుంది. అతను పరిగెత్తడు. మీవాడి తుంటి దగ్గర తన తుంటి ఆనిస్తాడు, కర్రని మీవాడి చేతుల కిందకి దూరుస్తాడు, బోర్డుకి అదిమి ఓ రెండు సెకన్లు అలా ఉంచుతాడు. దెబ్బ కొట్టడు, పెనాల్టీ పడదు. ఈలోపు అతని జట్టువాడు పక్ తీసుకుని వెళ్లిపోతాడు. పది షిఫ్టుల్లో, అంటే ఐస్ మీదకి దిగే పది వంతుల్లో, ఏడెనిమిది సార్లు ఇలాగే అవుతుంది. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు అంటే ఎవరో కుర్రాడికి అప్పుడు తెలుస్తుంది.

అక్కడే నేర్చుకునేదీ మొదలవుతుంది. నెల తిరిగేసరికి తెలివున్న కుర్రాడు పక్ చేరకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడటం మొదలుపెడతాడు. అంతకుముందు ఒకసారి కూడా చూసేవాడు కాదు. నేరుగా వెళ్లకుండా పక్కగా వచ్చి, ఒళ్లు అడ్డం పెట్టి, పక్ అందగానే ఒక్క టచ్‌తో పంపేస్తాడు. చేతిలో పట్టుకుని తిరగడానికి టైమ్ లేదని ఒంటికి తెలిసిపోతుంది. ఈ అలవాటు చెబితే రాదు, డ్రిల్ పెడితే సగమే వస్తుంది. నేను ఎన్ని డ్రిల్స్ పెట్టినా, ఎదురుగా వాళ్ల వయసు పిల్లలే ఉంటే వాళ్లకి ఆ అవసరం కలగదు. యూరప్‌లో ఒక సీజను ఆడి సెలవులకి వచ్చిన కుర్రాడు మా సమ్మర్ స్కేట్‌కి వస్తే, మొదటి పది నిమిషాల్లోనే ఆ మెడ తిప్పడం చూసి గుర్తుపట్టేస్తాను.

రెండోది వారం లెక్క. స్విస్ లీగు రెగ్యులర్ సీజను అప్పట్లో 50 మ్యాచులు, వెస్టర్న్ హాకీ లీగు 72. స్విట్జర్లాండ్ చిన్న దేశం, మ్యాచ్ ఆడి ఆ రాత్రే ఇంటికొచ్చి పడుకుంటారు. మిగిలిన రోజుల్లో ప్రాక్టీసు, జిమ్, నిద్ర. పడమటి కెనడాలో జూనియర్ జట్టుకి అదే సమయం బస్సులో పోతుంది. ఎదిగే ఒంటికి ఇది చిన్న తేడా కాదు. పైగా యూరప్‌లో చాలా రింకులు ఎన్‌హెచ్‌ఎల్ రింకు కంటే వెడల్పు. ఇక్కడ 26 మీటర్లయితే అక్కడ 30 దాకా. చోటెక్కువ ఉంటే స్కేటింగూ, పాసూ బాగుపడతాయి. కానీ మూలల్లో ఇరుకు హాకీ తక్కువ కాబట్టి, తిరిగొచ్చాక సర్దుకోవడానికి కొంత టైమ్ పడుతుంది.

ఇప్పుడు పాయింట్ల సంగతి. పెద్దల లీగులో కుర్రాళ్ల పాయింట్లు చూసి బెంబేలు పడకూడదు. యురాయ్ స్లఫ్‌కోవ్‌స్కీ కథ దీనికి మంచి ఉదాహరణ. స్లొవాకియాలోని కొషిత్సె కుర్రాడు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి ఫిన్లాండ్‌లో టుర్కు నగరపు క్లబ్బు టీపీఎస్‌లో చేరి, వాళ్ల జూనియర్ జట్లలో మెట్టు మెట్టు ఎక్కాడు. 2021-22లో పెద్దల లీగులో 31 మ్యాచులాడి సాధించింది 10 పాయింట్లే. ఇక్కడి జూనియర్ లీగు అంకెలు చూసి అలవాటైన తండ్రికి ఆ 10 చూస్తే గుండె జారిపోతుంది. అదే చలికాలం బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేడేళ్ల వయసులో 7 గోల్స్ కొట్టి, టోర్నమెంటు ఉత్తమ ఆటగాడయ్యాడు. స్లొవాకియాకి హాకీలో తొలి ఒలింపిక్ పతకం వచ్చింది. ఆ వేసవిలో మాంట్రియల్ అతన్ని నంబర్ వన్‌గా తీసుకుంది, డ్రాఫ్ట్ జరిగింది కూడా మాంట్రియల్‌లోనే. స్కౌట్లు ఆ 10 పాయింట్లని ఎవరి మధ్య సాధించాడో చూసి చదివారు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లి అదే చోటికి చేరినవాడు నీకో హిషియర్. స్విస్ కుర్రాడు. సొంత దేశంలో, మాథ్యూస్ ఆడిన ఆ లీగులోనే, అదే 2015-16లో బెర్న్ తరఫున కొన్ని మ్యాచులు ఆడాడు, కానీ ఐస్ మీద దొరికింది కొద్ది నిమిషాలే. ప్రొఫెషనల్ లీగు వదిలేసి కెనడా వచ్చి హాలిఫాక్స్ మూస్‌హెడ్స్‌లో, అంటే జూనియర్ హాకీలో, మొదటి లైన్ సెంటర్‌గా ఆడాడు. 2017లో న్యూజెర్సీ డెవిల్స్ అతన్ని నంబర్ వన్‌గా తీసుకుంది. ఒక అమెరికన్ స్విస్ లీగుకి వెళ్లి నంబర్ వన్ అయ్యాడు, మరుసటి ఏడాదే ఒక స్విస్ కుర్రాడు అదే లీగు వదిలొచ్చి నంబర్ వన్ అయ్యాడు. ఇద్దరూ వెతుక్కున్నది ఒకటే: నన్ను ఎక్కువసేపు, ముఖ్యమైన సమయాల్లో ఎవరు ఆడిస్తారు అని. జర్మనీ నుంచి ప్రిన్స్ ఆల్బర్ట్ రైడర్స్‌కి వచ్చిన లియాన్ డ్రైసైటిల్ కూడా అంతే, 2014లో మూడో పిక్, అంటే డ్రాఫ్ట్‌లో మూడో ఎంపిక.

చిన్న దేశాల పిల్లలకి విదేశం వెళ్లడం ఇంకో రకం అవసరం. అన్జె కోపితార్ స్లొవేనియాలో యెసెనిత్సె పట్నం పక్కన పెరిగాడు. ఆ దేశంలో ఐస్ రింకులే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, గట్టి లీగు లేదు. పదిహేడో ఏట స్వీడన్‌లో సోడర్‌తాలియెకి వెళ్లాడు. గమనించండి, వెళ్లగానే పెద్దల జట్టులో పెట్టలేదు. 2004-05లో జూనియర్ జట్టులో 30 మ్యాచుల్లో 49 పాయింట్లు సాధించాడు, మధ్యమధ్యలో పెద్దల జట్టుకి పిలిచి రుచి చూపించారు. పూర్తిస్థాయిలో ప్రొఫెషనల్‌గా ఆడింది ఆ తర్వాతి ఏడాదే. 2005లో లాస్ ఏంజలెస్ 11వ పిక్‌గా తీసుకుంది, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన తొలి స్లొవేనియన్ అయ్యాడు, 2012లో, 2014లో స్టాన్లీ కప్ గెలిచాడు. ఒకే క్లబ్బులో జూనియర్ జట్టూ, పెద్దల జట్టూ ఉండటం, ఒకదాన్నుంచి ఇంకోదానికి వారం మధ్యలో కూడా మారే వీలుండటం, యూరప్ పద్ధతిలో నాకు బాగా నచ్చే విషయం. ఇక్కడ మనకి అలాంటిది లేదు. చాలావరకు జూనియర్ జట్టు వేరే యజమానిది, ప్రొఫెషనల్ జట్టు వేరే యజమానిది.

డేవిడ్ పాస్ట్రనాక్ కూడా అదే సోడర్‌తాలియె. చెక్ దేశంలోని హవిరోవ్ నుంచి వెళ్లాడు. అప్పటికి ఆ క్లబ్బు స్వీడన్ రెండో డివిజన్‌లోకి పడిపోయింది. లీగు పేరు చూసేవాడైతే వెళ్లేవాడు కాదు. కానీ అక్కడ పదిహేడేళ్ల కుర్రాడికి పెద్దల జట్టులో నిజమైన చోటు దొరికింది. ఆ మధ్యలోనే, 2013లో, తండ్రి చనిపోయారు. పరాయి దేశంలో, ఆ వయసులో. 2014లో బోస్టన్ 25వ పిక్‌గా తీసుకుంది, 2022-23లో ఒక్క సీజన్లో 61 గోల్స్ కొట్టాడు. ఆస్ట్రియా కుర్రాళ్లు మార్కో కాస్పర్ స్వీడన్‌లో రోగ్లె నుంచి, డేవిడ్ రైన్‌బాహర్ స్విట్జర్లాండ్‌లో క్లోటెన్ నుంచి మొదటి పది పిక్స్‌లో వెళ్లారు. వీళ్లందరికీ ఇంటి దగ్గర ఎదగడానికి చోటు చాల్లేదు. మీవాడికి ఆ ఇబ్బంది లేదండీ. మీరు ఉన్నది అంటారియోలో. ప్రపంచమంతా పిల్లల్ని తెచ్చి దించే చోట మీరు ఇల్లు కట్టుకుని కూర్చున్నారు.

అంటారియో కుర్రాళ్లు యూరప్ వెళ్లిన సందర్భం ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ వల్ల ఓహెచ్‌ఎల్, అంటే అంటారియో జూనియర్ లీగు, 2020-21 సీజను మొత్తం రద్దయింది. పీటర్‌బరో జట్టు కుర్రాడు మేసన్ మక్‌టావిష్, ఫ్లింట్ జట్టు కుర్రాడు బ్రెనన్ ఆత్మన్ స్విట్జర్లాండ్ రెండో డివిజన్‌లో ఓల్టెన్ క్లబ్బుకి వెళ్లారు. బ్యారీ డిఫెన్స్‌మన్ బ్రాంట్ క్లార్క్ స్లొవాకియాలో నోవె జామ్కికి వెళ్లాడు. 2021 డ్రాఫ్ట్‌లో మక్‌టావిష్ మూడో పిక్, క్లార్క్ ఎనిమిదో పిక్, ఆత్మన్ పదహారో పిక్. ఇవేవీ పెద్ద పేరున్న క్లబ్బులు కావు. కానీ ఆడించారు. ఇంట్లో కూర్చుని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే ఏడాది వీళ్లకి మగాళ్లతో తలపడిన ఏడాది అయింది. లీగు మళ్లీ తెరుచుకున్నాక వీళ్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో కుదురుకోని రోజుల్లో ఓహెచ్‌ఎల్‌కే తిరిగొచ్చి ఆడారు. యూరప్ వీళ్లకి మధ్యలో వచ్చిన మజిలీ.

ఇక నియమాలు. ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోవడం కష్టం.

మన తెలుగు ఇళ్లలో చదువు మాట ముందు వస్తుంది, అది మంచిదే. అందుకని అమెరికా కాలేజీ హాకీ తలుపు గురించి ముందు చెబుతాను. చాలా ఏళ్లు ఓహెచ్‌ఎల్ లాంటి మేజర్ జూనియర్ లీగుల్లో ఒక మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఇచ్చే అర్హత పోయేది. 2024 నవంబర్‌లో ఆ నియమం మార్చారు, 2025 ఆగస్టు 1 నుంచి అమలు. అందుకే వెస్టర్న్ హాకీ లీగు జట్టు మెడిసిన్ హ్యాట్ టైగర్స్‌లో ఆడిన గావిన్ మకెన్నా 2025లో పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లగలిగాడు. కానీ ఆ సడలింపులో ఒక షరతుంది: ఆటకయ్యే మామూలు ఖర్చులకి మించి డబ్బు తీసుకుని ఉండకూడదు. యూరప్ క్లబ్బుతో జీతం కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఆ గీత దాటేసే ప్రమాదముంది. అంటే 2025 తర్వాత ఓహెచ్‌ఎల్‌లో ఆడి కూడా కాలేజీకి వెళ్లే దారి తెరిచి ఉంటే, యూరప్ సంతకం దాన్ని మూసేయొచ్చు. మాథ్యూస్ వెళ్లిన రోజుల్లో ఓహెచ్‌ఎల్ అయినా యూరప్ అయినా కాలేజీ పోయేదే, కాబట్టి ఆ లెక్క వేరు. ఈ రోజు లెక్క వేరు. మీ ఏజెంట్ పదేళ్ల కిందటి లెక్క చెబుతున్నాడు. పైగా కెనడా జూనియర్ లీగుల్లో ఆడిన ప్రతి సీజనుకీ ఒక ఏడాది చదువు ఖర్చు స్కాలర్‌షిప్‌గా వచ్చే ఏర్పాటు ఉంది. దాన్నీ తూకంలో వేయండి.

యూరప్ దారికి ఒక అసలైన లాభం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కెనడా మేజర్ జూనియర్ నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రాణ్ణి, ఇరవై రాకముందు, ఎన్‌హెచ్‌ఎల్ జట్టు తన రెండో జట్టు ఆడే ఏహెచ్‌ఎల్ లీగుకి పంపడానికి ఏళ్ల తరబడి వీల్లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనే ఉంచాలి, లేదా జూనియర్‌కి తిప్పి పంపాలి. యూరప్ నుంచి డ్రాఫ్ట్ అయినవాడికి ఆ అడ్డు లేదు. పాస్ట్రనాక్ పద్దెనిమిదేళ్లకే ప్రావిడెన్స్‌లో ఏహెచ్‌ఎల్ ఆడి, అక్కడ దుమ్ము దులిపి, ఆ సీజను మధ్యలోనే బోస్టన్ జట్టులో స్థిరపడ్డాడు. జూనియర్‌కి పెద్దా, ఎన్‌హెచ్‌ఎల్‌కి చిన్నా అయిన వయసులో ఆ మధ్య మెట్టు ఉండటం గొప్ప సాయం. 2025లో ఎన్‌హెచ్‌ఎల్, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న కొత్త ఒప్పందం పందొమ్మిదేళ్లవాళ్ల విషయంలో దీన్ని కొంత సడలించింది కాబట్టి, మీవాడు ఆ వయసుకి వచ్చేసరికి ఈ లాభం కూడా కొంత తగ్గుతుంది.

ఇంకా, ఒక దేశపు సంఘం నుంచి ఇంకో దేశపు సంఘానికి మారాలంటే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య (ఐఐహెచ్‌ఎఫ్) ట్రాన్స్‌ఫర్ కార్డు కావాలి. ఇక్కడి సంఘం ఒప్పుకోవాలి, అక్కడి సంఘం అడగాలి. "అదంతా మేం చూసుకుంటాం" అన్న మాట నమ్మి టికెట్లు కొన్న ఒక కుటుంబం నాకు తెలుసు. కార్డు రాక కుర్రాడు నెలల తరబడి ప్రాక్టీసే తప్ప మ్యాచ్ ఆడలేదు. ఆ ఏడాది అంతే, పోయింది. ఎదిగే వయసులో మ్యాచులు లేని చలికాలం ఎంత నష్టమో తర్వాతి సీజన్లో అతని స్కేటింగ్ చూస్తే తెలిసింది. కాళ్లలో వేగం ఉంది, కానీ ఆటలో ఎటు వెళ్లాలో ఆ అర సెకను ఆలోచన ఆలస్యమైపోయింది.

ఏజెంట్ గురించి ఒక మాట. పదిహేనేళ్ల పిల్లవాడి కుటుంబం దగ్గర ముందుగానే ఫీజు అడిగేవాడైతే అక్కడితో ఆపేయండి. ఇక మాట్లాడొద్దు.

అలా కాకపోతే, అతన్ని ఫోన్లో కాకుండా ఈమెయిల్లో అడగండి. ఏ క్లబ్బు అని కాదు, ఆ క్లబ్బులో ఏ జట్టు అని. ఆ జట్టులో ఇప్పుడు సెంటర్లు ఎంతమంది, వాళ్లలో వచ్చే సీజనుకి ఎవరు మిగులుతారు అని. కోచ్ ఎవరు, అతని కాంట్రాక్టు ఎప్పటిదాకా అని. ఈ చివరిది చాలామంది అడగరు. పిలిచిన కోచ్‌ని నవంబర్‌లో తీసేస్తే, కొత్తగా వచ్చినవాడికి మీవాడు ఎవరో కూడా తెలియదు. విదేశీ ఆటగాళ్ల పరిమితి ఉంటే అది జూనియర్ జట్టుకీ ఉందా అని అడగండి. స్కూలు సంగతి అడగండి. స్వీడన్‌లో హాకీతో ముడిపడిన హైస్కూళ్లు ఉన్నాయి, పద్ధతి బాగుంటుంది, కానీ చదువు స్వీడిష్‌లో సాగుతుంది. దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఎవరిది, ఆపరేషన్ అవసరమైతే ఎక్కడ చేయిస్తారు, పక్కన ఎవరుంటారు? ఈ జవాబుల్ని క్లబ్బు తన లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి. ఏజెంట్ వాట్సాప్ మెసేజి లెక్కలోకి రాదు.

మీ ఆవిడ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకండి. మాథ్యూస్ ఒంటరిగా వెళ్లలేదని పైన చెప్పాను. ఇక్కడ జూనియర్ లీగుకి వెళ్లే పిల్లలు ఎవరో ఒక కుటుంబం ఇంట్లో ఉంటారు, వారాంతం కారేసుకుని మీరు వెళ్లి రావచ్చు, పప్పన్నం డబ్బా ఇచ్చి రావచ్చు. యూరప్‌లో చాలాచోట్ల కుర్రాళ్లకి చిన్న అపార్ట్‌మెంట్ ఇచ్చేస్తారు. నవంబర్‌లో మూడున్నరకే చీకటి పడే ఊళ్లో, భాష రాని చోట, మ్యాచ్ సరిగా ఆడని రాత్రి ఒక్కడే ఇంటికొచ్చి వంట చేసుకోవాలి. పద్దెనిమిదేళ్లవాడు దాన్ని తట్టుకుంటాడు, కొందరికి అది మేలు కూడా చేస్తుంది. పదిహేనేళ్లవాడి మీద ఆ బరువు పెట్టడానికి నాకు మనసొప్పదు. హాకీలో వెనకబడితే తర్వాత అందుకోవచ్చు. ఆ వయసులో మనసు విరిగితే ఆట మీదే విరక్తి వస్తుంది. అలా పదహారేళ్లకే స్కేట్స్ పక్కన పడేసిన మంచి ఆటగాళ్లని చూసి బాధపడ్డాను.

మరి ఇప్పుడేం చేయాలి? ఓహెచ్‌ఎల్ డ్రాఫ్ట్ దాకా ఆగండి. మీవాణ్ణి ఎవరు తీసుకుంటారో, ఎన్నో రౌండులో తీసుకుంటారో చూస్తే వాడి స్థాయి మీద ఏజెంట్ మాటల కంటే నిజమైన అంచనా దొరుకుతుంది. రెండేళ్లు ఇక్కడ ఆడనివ్వండి. ఈలోపు వేసవిలో యూరప్ క్లబ్బులు పెట్టే క్యాంపులకి రెండు మూడు వారాలు పంపండి. ఆ పెద్ద రింకు మీద స్కేట్ చేస్తాడు, అక్కడి కోచ్‌లు వాణ్ణి చూస్తారు, వాడికీ ఆ వాతావరణం నచ్చుతుందో లేదో తెలుస్తుంది. పదిహేడు దాటాక, ఇక్కడ తన వయసువాళ్లలో అలవోకగా ఆడేస్తున్నాడు, ఇంక సవాలు లేదు అనిపిస్తే, ఒళ్లు కూడా సిద్ధమైతే, అప్పుడు పెద్ద లీగుల్లో బెంచీ కోసం కాకుండా స్విట్జర్లాండ్ రెండో డివిజనో, స్వీడన్ రెండో డివిజనో వెతకండి. అక్కడ ఆడిస్తామని కోచ్ చెబితే, ఆ మాట రాతలో ఉంటే, ఎన్‌సీఏఏ సంగతి ఒక లాయరుతో సరిచూసుకుని, ధైర్యంగా పంపండి. అప్పుడు నేనే మీతో "వెళ్లనివ్వండి" అంటాను.

వాడు గంతేస్తున్నాడన్నారు కదా, వద్దని ఒక్క మాటతో కొట్టిపారేయకండి. కూర్చోబెట్టి ఈ కథలన్నీ చెప్పండి, ముఖ్యంగా కోపితార్ మొదటి ఏడాది జూనియర్ జట్టులో ఆడిన సంగతి, హిషియర్ ప్రొఫెషనల్ లీగు వదిలొచ్చిన సంగతి. మూలలో పక్ దగ్గరికి వెళ్లేటప్పుడు భుజం మీదుగా రెండుసార్లు చూడమని రేపటి ప్రాక్టీసు నుంచే మొదలుపెట్టమనండి, దానికి యూరప్ దాకా వెళ్లక్కర్లేదు. ఏజెంట్ నుంచి ఈమెయిల్ జవాబు వస్తే, క్లబ్బు పేరు, జట్టు పేరు, కోచ్ పేరు ఇక్కడ రాయండి. ఆ క్లబ్బు గత రెండు మూడు సీజన్లలో కుర్రాళ్లని నిజంగా ఎంతసేపు ఆడించిందో నేను చూసి చెబుతాను.